తాగుడుకు లోనైన సహోదరుణ్ణి తీర్పు తీర్చకుండా ఆదుకోవడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి, సంఘ పరిచారకుడు)

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా బాప్టిస్టు సంఘంలో తెలుగువారు, ఒడియావారు, సవరలు కలిసే ఆరాధిస్తాము. ఈ మధ్యనే నన్ను పరిచారకుల్లో ఒకడిగా ఎన్నుకున్నారు. ఆ బాధ్యత తీసుకున్న తరువాత మొట్టమొదట నా ముందుకు వచ్చిన విషయం గురించి పెద్దల సలహా కోరుతున్నాను.

మా సంఘంలో నలభై ఏళ్ళ లోపు సహోదరుడు ఒకరున్నారు. నాతో పాటు సండే స్కూలులో పెరిగినవాడు, ఆరాధనలో తబలా వాయించేవాడు. సూరత్‌లో మరమగ్గాల మీద కొంతకాలం పని చేసి, తిరిగి వచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. అక్కడ మొదలైన తాగుడు ఇక్కడ ముదిరింది. చేతిలో డబ్బుంటే బ్రాందీ షాపు, లేకపోతే ఇప్పసారా. ఇప్పుడు పొద్దున లేవగానే కొంత పుచ్చుకుంటే తప్ప చేతుల వణుకు ఆగడం లేదని అతని భార్య చెప్పింది. సంఘ పెద్దలు పిలిచి హెచ్చరించారు, ఫలితం లేకపోవడంతో ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారానికి, దూరంగా ఉంచారు. ఆ తరువాత అతను ఆరాధనకే రావడం మానేశాడు. భార్యాపిల్లలు మాత్రం వచ్చి వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వచనం కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు.

నేను అతని ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాను. అయితే 1 కొరింథీయులకు 5:11 ప్రకారం తాగుబోతుతో కలిసి భోజనం కూడా చేయరాదని ఒక పెద్ద గుర్తు చేశారు. మరొకరు అతన్ని ఉపవాస ప్రార్థనకు తీసుకువెళ్ళి మూడు రోజులు లోపలే ఉంచితే విడుదల పొందుతాడని అంటున్నారు. తీర్పు తీర్చవద్దని ప్రభువే చెప్పాడు కాబట్టి మనం ఏమీ అనకుండా ఊరుకోవడమే మంచిదని ఇంకొందరి అభిప్రాయం. పాపాన్ని పాపం కాదని చెప్పడానికి నాకు మనసొప్పదు, చిన్ననాటి స్నేహితుణ్ణి చిన్నబుచ్చడానికి వెళ్ళడమూ ఇష్టం లేదు. వెళ్తే ఏం మాట్లాడాలి, డబ్బు అడిగితే ఏం చేయాలి, ఆసుపత్రి సంగతి ఎప్పుడు ఎత్తాలి? అతని భార్య హిందూ కుటుంబం నుంచి వచ్చినది. మేము ఆ ఇంటికి వెళ్ళడాన్ని ఆమె పుట్టింటివారు ఎలా చూస్తారోనన్న సంకోచం కూడా ఉంది.

జవాబు 1 (బరంపురం, విశ్రాంత సంఘ కాపరి)

తమ్ముడూ, వందనాలు. మీకు వాక్యం చూపించిన పెద్దది తప్పు అనను. ఆ వచనం అక్కడ ఉంది, అందులో తాగుబోతు అన్న మాటా ఉంది. కానీ కొరింథు సంఘానికి పౌలు రాసింది ఒక్క పత్రిక కాదు. రెండవ పత్రిక 2వ అధ్యాయం 6 నుంచి 8 వరకు చదవండి. ఎక్కువమంది వల్ల కలిగిన శిక్ష ఒకనికి చాలునని, ఇప్పుడు అతన్ని క్షమించి ఆదరించాలని, లేకపోతే అత్యధికమైన దుఃఖంలో మునిగిపోతాడని అక్కడ రాశాడు. ఆ మనిషి మొదటి పత్రిక 5వ అధ్యాయంలోని మనిషేనా కాదా అన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. అయినా శిక్ష వేసిన సంఘమే ఆదరించడానికి కూడా ముందుకు రావాలన్న ఆజ్ఞలో సందేహానికి తావు లేదు. 2 థెస్సలొనీకయులకు 3:15లో కూడా అటువంటివానిని శత్రువుగా భావించక, సహోదరునిగా బుద్ధి చెప్పమన్నాడు. బల్లకు దూరంగా ఉంచిన తరువాత ఆ ఇంటి గడప తొక్కకపోతే, మీ సంఘం ఆ పనిలో సగమే చేసి, అంతా చేశామనుకుంటోంది. నేను బరంపురం చుట్టుపక్కల సంఘాల్లో పనిచేసిన కాలమంతా చూసింది ఇదే: దూరం పెట్టే తీర్మానం మినిట్స్ పుస్తకంలో తేదీతో సహా ఉంటుంది, వెళ్ళి పలకరించే బాధ్యత ఎవరిదో ఏ పుటలోనూ ఉండదు.

అందుచేత మీరు తప్పక వెళ్ళండి. తెల్ల చొక్కాలు వేసుకుని, బైబిళ్ళు చంకన పెట్టుకుని నలుగురు కలిసి వెళితే అది పరామర్శ కాదు, విచారణ సంఘం అవుతుంది. వీధిలో ఉన్నవారందరికీ ఆ ఇంటిలో ఏం జరుగుతోందో చాటినట్టవుతుంది. ఒక్కరే, లేదా అతనికి ఇష్టమైన ఒకరిని వెంటబెట్టుకుని, చీకటి పడక ముందు వెళ్ళండి. ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగి బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయా దగ్గరికి వచ్చిన దూత మొదట చేసింది ఏమిటో 1 రాజులు 19లో చూడండి. రొట్టె, నీళ్ళు ఇచ్చి, నిద్రపోనిచ్చి, మళ్ళీ లేపి తినిపించాడు. నీవిక్కడ ఏం చేస్తున్నావన్న ప్రశ్న అతను హోరేబు కొండకు చేరిన తరువాత గాని రాలేదు. యోబు స్నేహితులు కూడా ఏడు దినాలు మౌనంగా నేలమీద కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచి అతని కష్టానికి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడ్డారు.

మాటలు తక్కువైనంత మాత్రాన సత్యం దాచనక్కరలేదు. అతను తాగడం లేదని మీ ముందు బొంకితే, నమ్మినట్టు నటించవద్దు. "నువ్వు తాగుతున్నావని నాకు తెలుసు, తెలిసే వచ్చాను, మళ్ళీ కూడా వస్తాను" అని చెప్పవచ్చు. గలతీయులకు 6:1లో తప్పిపోయినవానిని సాత్వికమైన మనసుతో మంచి దారికి తేవాలని చెప్పిన వెంటనే, నువ్వు కూడా శోధింపబడతావేమో చూసుకొమ్మన్న హెచ్చరిక ఉంది. అది వెళ్ళేవానికి రాసిన మాట.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. అతను మీకు చెప్పిన సంగతులు బుధవారం కూడికలో ప్రార్థనాంశంగా వినబడకూడదు. మన సంఘాల్లో చాడీకి వేసే తొడుగు సాధారణంగా ప్రార్థనాంశమే. పేరు చెప్పకుండా "ఆటో నడిపే ఒక సహోదరుని కోసం" అన్నా, పర్లాకిమిడి వంటి ఊరిలో అది ఎవరో తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? అతని అనుమతి లేకుండా మీ భార్యతో కూడా చెప్పవద్దు.

భార్య పుట్టింటివారి సంగతి అడిగారు. ఆశ చూపి గాని, బలవంతంగా గాని మతం మార్పించడాన్ని నేరంగా పరిగణించే చట్టం మన రాష్ట్రంలో 1967 నుంచే ఉంది. ఆ ఇంటికి బియ్యమో, పిల్లల ఫీజో ఇవ్వవలసి వస్తే దానికి ఎటువంటి షరతూ ఉండకూడదని చట్టం చెప్పేదాకా ఆగనక్కరలేదు. వారు మిమ్మల్ని అడిగితే, చిన్ననాటి స్నేహితుణ్ణి చూడడానికి వచ్చానని చెప్పండి. అది నిజమే కదా.

జవాబు 2 (రాయగడ, నర్సు)

అన్నయ్య గారికి వందనాలు. నేను వాక్యం గురించి చెప్పగలిగినదాన్ని కాదు గాని, మీ ప్రశ్నలో రెండు సంగతులు చదివి ఆందోళన కలిగి వెంటనే రాస్తున్నాను. పొద్దున తాగితే గాని వణుకు ఆగడం లేదన్నారు. శరీరం మద్యానికి పూర్తిగా అలవాటుపడిందనడానికి అది స్పష్టమైన గుర్తు. అటువంటి మనిషిని మూడు రోజులు ఉపవాసంలో, లోపల ఉంచి, ఒక్కసారిగా తాగుడు మాన్పించాలన్నది రెండవ సంగతి. దయచేసి దీనికి మాత్రం ఎవరూ ఒప్పుకోవద్దు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారు హఠాత్తుగా ఆపినప్పుడు మొదటి రోజే వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. సాధారణంగా మొదటి రెండు రోజుల్లోపల మూర్ఛ వచ్చే అవకాశం ఉంది. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, వినబడి, జ్వరంతో గుండె వేగం పెరిగి, చికిత్స అందకపోతే మరణం కూడా సంభవిస్తుంది. ఈ దశలో రోగి పురుగులు పాకుతున్నాయని ఒళ్ళు దులుపుకుంటాడు, గోడ వైపు చూసి కేకలు వేస్తాడు. అది చూసి దయ్యం పట్టిందని భావించి కట్టివేసి ప్రార్థించిన తరువాత, చివరి దశలో మా దగ్గరికి తీసుకువచ్చినవారిని చూశాను. ప్రార్థన చేయవద్దని నేను అనను, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చేయండి. మూర్ఛ రాకుండా డాక్టరు కొన్ని మందులు మొదలుపెట్టి, కొద్ది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపుతారు. తాగేవారి శరీరంలో విటమిన్ బి1 తరిగిపోతుంది, దాన్ని ఇంజెక్షన్ ద్వారా ఇస్తారు. తిండి లేకుండా ఉపవాసం ఉంచితే ఆ లోటు ఇంకా పెరిగి మెదడు దెబ్బతినవచ్చు.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, కళ్ళు పచ్చబడడం, సారా తాగిన తరువాత చూపు మసకబారడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అతనికి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని కొన్ని మాత్రలు అమ్ముతుంటారు. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. రోగికి తెలిసి, ఇష్టపడి, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసిన మందు అది.

పర్లాకిమిడిలో జిల్లా ప్రధాన ఆసుపత్రి ఉంది. అంతకంటే పెద్ద చికిత్స అవసరమైతే బరంపురం వైద్య కళాశాలకు గాని, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గాని వెళ్ళవచ్చు. మన వైపు తెలుగువారికి ఇంకొక ఇబ్బంది ఉంది. బజారులో ఒడియా బాగానే మాట్లాడతారు గాని, మనసులోని సంగతి ఒడియాలో చెప్పలేక, డాక్టరు అడిగిన ప్రతిదానికీ తల ఊపి వచ్చేస్తారు. మీరు తోడు వెళ్ళి అవసరమైన చోట భాష అందించండి, కానీ అతని బదులు మీరే కథంతా చెప్పవద్దు. అతను ఒంటరిగా మాట్లాడతానంటే బయట కూర్చోండి. ఫోనులో మాట్లాడడమే సులువనిపిస్తే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. తాగుడు మానడానికి సంబంధించిన జాతీయ సహాయ నంబరు 14446.

చనిపోవాలనిపిస్తోందా అని అతన్ని సూటిగా అడగడానికి భయపడవద్దు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నవారికి మాత్రం చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు ఉంటే అక్కడి నుంచి తీయించండి.

మరొక మాట కూడా రాయాలి, కఠినంగా ఉంటే క్షమించండి. అతను ఆటో నడుపుతున్నాడు. తాగి బండి నడుపుతుంటే, ముఖ్యంగా బడి పిల్లలను ఎక్కించుకుంటుంటే, తీర్పు తీర్చకూడదని మౌనంగా ఉండడం కుదరదు. అతనితోనే ముఖాముఖిగా చెప్పండి, తాళం చెవి ఇంట్లో పెట్టమనండి, వినకపోతే ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలియజేయక తప్పదని కూడా ముందే చెప్పండి.

జవాబు 3 (గుణుపురం)

కాపరి గారి మాటల మీద గౌరవంతోనే ఒక సందేహం. ఇలా ఇంటికి వెళ్ళి ఆదరిస్తూ పోతే, బల్లకు దూరంగా ఉంచడంలో అర్థం ఏముంటుంది? సంఘంలో ఎదుగుతున్న యౌవనస్థులు దీన్ని చూసి, తాగినా ఫరవాలేదనుకోరా?

జవాబు 4 (బరంపురం, విశ్రాంత సంఘ కాపరి)

సహోదరా, సందేహం సహేతుకమైనదే. బల్లకు రావద్దనడం ఒక నిర్ణయం, మనిషిని వదిలేయడం వేరొక నిర్ణయం. మొదటిది తీసుకున్నవారికి రెండవది తీసుకునే అధికారం లేదు. యౌవనస్థుల సంగతి అంటారా, తాగినవాడు ఏమవుతాడో వారు ప్రతిరోజూ బజారులోనే చూస్తున్నారు. వారిలో ఇప్పటికే రహస్యంగా తాగుతున్నవారు ఉంటే, పెద్దవారు ఆ ఆటో సహోదరుణ్ణి ఎలా చూస్తారో గమనించి, తమ సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చా లేదా అన్నది తేల్చుకుంటారు.

జవాబు 5 (జయపురం, స్త్రీల సమాజంలో పనిచేసే సహోదరి)

మీరందరూ భర్త గురించే రాశారు. వెనుక వరుసలో కూర్చుని వెళ్ళిపోతున్న ఆ చెల్లెలి గురించి పరిచారకుల వారు రెండు వాక్యాలు రాశారు, జవాబులు ఇచ్చినవారు ఆమె పుట్టింటివారి ప్రస్తావన వరకే ఆగిపోయారు. మా లూథరన్ సంఘంలో స్త్రీల సమాజం తరఫున అటువంటి ఇళ్ళకు వెళ్ళే అలవాటు నాకు ఉంది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఆమె దగ్గరికి సంఘంలోని స్త్రీ ఎవరైనా విడిగా వెళ్ళాలి. ఆ స్త్రీ "సహించమ్మా, నీ ప్రార్థన వల్లనే మారతాడు" అని చెప్పేది కాకూడదు. ఆ మాట ఎంతో భక్తిగా వినబడుతుంది గాని, అతను మారకపోతే ఆ నేరం ఆమె ప్రార్థన మీద పడుతుంది. కొడుతున్నాడా అని మెల్లగా అడగాలి. కొడుతుంటే, 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరే హక్కు ఆమెకు ఉంది. 181 మహిళా సహాయ నంబరు, అత్యవసరమైతే 112. కొన్నాళ్ళు పిల్లలతో పుట్టింటికి వెళ్ళాలని ఆమె అనుకుంటే, వారు హిందువులన్న కారణంతో సంఘం అడ్డు చెప్పకూడదు. ఆపదలో ఆమెకు తలుపు తీసేవారు వారే అయితే, దేవునికి కృతజ్ఞతలు చెప్పవలసిన సంగతి అది.

డబ్బు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, అతని చేతికి మాత్రం ఇవ్వవద్దు. అలా అని అప్పు అడిగినప్పుడు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. "డబ్బు ఇవ్వను, ఆకలిగా ఉంటే కలిసి తిందాం రా" అంటే చాలు. పిల్లల బడి ఫీజు నేరుగా బడిలో కట్టండి, సరుకులు ఆమెకు అందించండి. అతను పనికి వెళ్ళనప్పుడు యజమానికి అబద్ధపు కారణం చెప్పడం, అతను చేసిన అప్పులు తీర్చడం వంటివి ఆమె గాని మీరు గాని చేస్తే, తాగుడు తెచ్చిపెట్టే నష్టం అతనికి కనబడకుండా పోతుంది. ఒకరి భారములు ఒకరు భరించమన్న గలతీ పత్రికలోనే, మూడు వచనాల తరువాత, ప్రతివాడు తన బరువు తానే భరించాలన్న మాట కూడా ఉంది.

పిల్లలను కూడా గుర్తు పెట్టుకోండి. తండ్రి గురించి సండే స్కూలులో వారిని ఎవరూ ఆరా తీయకుండా చూడండి.

జవాబు 6 (కాశీనగర్)

అన్నగారూ, నేను ఒకప్పుడు మీ స్నేహితుని స్థితిలో ఉన్నవాణ్ణి. ఇప్పుడు తాగను. మీకు ఉపయోగపడుతుందని, అప్పట్లో ఏ రాకపోకలు నాకు సాయపడ్డాయో రాస్తాను.

చాలామంది వచ్చేవారు, ప్రార్థన చేసేవారు, ఒట్టు వేయించుకునేవారు. బైబిలు మీద చెయ్యి పెట్టించి "ఇక ముట్టను" అనిపించుకున్నవారు మళ్ళీ వచ్చినప్పుడు, ఆ ఒట్టు ఏమైందో చెప్పలేక పెరటి దారిన వెళ్ళిపోయేవాణ్ణి. దయచేసి అతని చేత ఒట్టు వేయించవద్దు. చికిత్స తీసుకున్న తరువాత కూడా మళ్ళీ తాగడం చాలామంది విషయంలో జరుగుతుంది; అలా జరిగిన రోజున మీ ముఖం చూడగలిగే విధంగా ఇప్పుడే మాట్లాడి ఉంచండి.

మా ఊరి పెద్దాయన ఒకరు మాత్రం వారానికి ఒకసారి, సంతకు వెళ్ళే దారిలో ఆగేవారు. తాగుడు గురించి అడిగితే చెప్పేవాణ్ణి, లేకపోతే వంశధార నీళ్ళ గురించి, వరి గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన రాకకు, నా మార్పుకు ముడి లేదని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఆసుపత్రికి వస్తానని నేను నోరు తెరిచి అడిగింది ఆయననే. అడిగిన మరునాటి ఉదయమే ఆయన నన్ను తీసుకువెళ్ళారు. అది ముఖ్యం, ఎందుకంటే ఆ ఇష్టం ఎక్కువసేపు నిలవదు. మీరు ఏ ఆసుపత్రికి, ఏ రోజున, ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఆ రోజుల్లో ఇంటి ఖర్చు ఎలాగో ముందే విచారించి పెట్టుకోండి. అంతవరకు తాగుడు హఠాత్తుగా ఆపమని ఒత్తిడి చేయవద్దని నర్సు గారు రాసింది అక్షరాలా పాటించండి.

మీరు వెళ్ళేసరికి అతను మత్తులో ఉంటే వాదించకండి. ఆ రోజు చెప్పినదేదీ అతనికి గుర్తు ఉండదు, మీకు మాత్రం గుర్తు ఉండి కోపం మిగులుతుంది. పిల్లలు తిన్నారో లేదో కనుక్కుని, రేపు ఉదయం వస్తానని ఇంట్లోవారికి చెప్పి వచ్చేయండి, చెప్పినట్టే ఉదయం వెళ్ళండి. తబలా సంగతి రాశారు. దాన్ని ఇప్పుడే ఎత్తి, మానితే మళ్ళీ వాయించనిస్తామని ఆశ పెట్టకండి. అతనే అడిగితే, పెద్దలతో మాట్లాడి నిజమైన జవాబు తెచ్చి ఇవ్వండి, అది ఆలస్యం అవుతుందనే జవాబు అయినా సరే.